ఒకే ఏడాది రెండు కప్పులు గెలిచిన సిటీ కాలేజీ: నిజమేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాదే న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరాడు. 1950లో వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు అమెరికా కాలేజీ జట్ల రెండు పెద్ద టోర్నీలు ఎన్‌ఐటీ, ఎన్‌సీఏఏ రెండూ గెలిచిందట. అప్పట్లో ఫీజులు లేని కాలేజీకి అదెలా సాధ్యమైందండీ?

జవాబు 1: నిజమేనండి. కోచ్ నాట్ హోల్మన్. ప్రధాన ఆటగాళ్లంతా ఆ ఊళ్లోనే పెరిగిన యూదు, నల్లజాతి కుర్రాళ్లు. ఎన్‌ఐటీలో కెంటకీ యూనివర్సిటీని 89-50తో చిత్తు చేశారు. అంతకుముందు రెండేళ్లూ ఎన్‌సీఏఏ గెలిచిన జట్టు అది, పైగా అందరూ తెల్లవాళ్లే! ఆ స్కోరు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఫైనల్లో బ్రాడ్లీ యూనివర్సిటీపై 69-61తో గెలిచారు. పది రోజులకే ఎన్‌సీఏఏ ఫైనల్, మళ్లీ బ్రాడ్లీయే, 71-68. చివరి క్షణాల్లో సిటీకి ఒక్క పాయింటే ఆధిక్యం. బ్రాడ్లీ ఆటగాడు మెల్చియోరి షాట్‌ను సిటీ ఆటగాడు డాంబ్రాట్ అడ్డుకుని బంతి తన జట్టులోని మేగర్‌కు అందించాడు, అతను బుట్టలో వేసేశాడు. రెండు ఫైనల్సూ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే.

జవాబు 2: 1951 సంగతి కూడా బాబుకు చెప్పండి. జూదగాళ్ల డబ్బు తీసుకుని, వాళ్ల పందేలకు అనుకూలంగా గెలుపు తేడా తగ్గించారని ఆ జట్టులో చాలామంది అరెస్టయ్యారు. బ్రాడ్లీ, కెంటకీ ఆటగాళ్లూ దొరికారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది.

ప్రశ్న అడిగినవారు: రెండూ చెప్తానండీ. ఆదివారం ఫోన్ చేస్తాడు.