తాతయ్య మజిల్ లోడర్, అటక మీద డబ్బాలో తుపాకీ మందు, ఇప్పుడు రూల్స్ ఎలా ఉన్నాయి?

మువ్వలవానిపాలెం_కుర్రోడు

అందరికీ నమస్కారం అండీ, పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది మాడుగుల దగ్గర పల్లెటూరు, నేను ఉండేది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ. మా తాతయ్య రెండు నెలల కిందట పోయారు. ఆయన దగ్గర సింగిల్ బ్యారెల్ మజిల్ లోడర్ ఒకటి ఉంది, పంట కాపలాకని ఎప్పుడో ఇచ్చిన లైసెన్స్. గొట్టం మూతిలోంచి మందు పోసి గుడ్డ కుక్కి సీసం గుండ్లు వేసి కడ్డీతో దట్టించి పేల్చే టైపు. నేను చిన్నప్పుడు సంక్రాంతి సెలవలకి వెళ్తే ఆయన అరుగు మీద కూర్చుని దాన్ని వేడినీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాసి తుడుస్తుంటే పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. అది పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిపోతే నాకు ఆయన రెండోసారి పోయినట్టే ఉంటుంది, అందుకే అడుగుతున్నాను.

గన్ నా పేరు మీదకి మార్చుకోవచ్చా, ఇదొకటి. లైసెన్స్ ఇచ్చింది పాత విశాఖపట్నం జిల్లా కలెక్టర్, ఇప్పుడు మా ఊరేమో అనకాపల్లి జిల్లా అయిపోయింది, నేనేమో సిటీలో. ఎక్కడికి వెళ్ళాలో అర్థం కావట్లేదు.

ఇంకోటి, పెద్దకర్మ అయ్యాక మొన్న అటక మీద సామాన్లు దించుతుంటే ఒక రేకు డబ్బాలో నల్లటి పొడి కనిపించింది, అరకేజీ ఉంటుందేమో, కొంత గడ్డ కట్టేసింది. పక్కన చిన్న డబ్బాలో ఆ మందుని అంటించే రాగి క్యాప్‌లు. దాన్ని కారులో వైజాగ్ తెచ్చి ఫ్లాట్‌లో జాగ్రత్తగా పెట్టుకోవచ్చా? లైసెన్స్ ఉంటే కొత్త మందు ఎక్కడ కొనుక్కోవాలి, ఎంత ఉంచుకోవాలి? డాలస్‌లో ఉన్న మా బావ వాళ్ళ దగ్గర ఇంట్లో ఇరవై కేజీల దాకా ఉంచుకోవచ్చంటున్నాడు, క్యాప్‌లు కావాలంటే దసరాకి వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. నాకు వేట పిచ్చి లేదండీ, ఏడాదికి ఒకసారి ఎక్కడైనా రేంజ్‌లో టార్గెట్ మీద పేల్చుకుంటే చాలు.

లైసెన్సుల_మావయ్య

బాబూ, ముందు ఒక మాట. మీ తాతగారి పేరు మీద ఉన్న లైసెన్స్ ఆయనతోనే అయిపోయింది. ఇప్పుడు ఆ గన్ మీ ఇంట్లో ఉండటానికి ఎవరికీ హక్కు లేదు. 1959 ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ ఉంది, లైసెన్స్‌దారు చనిపోయినా లైసెన్స్ గడువు అయిపోయినా ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. రెండు నెలలు అంటే ఇప్పటికే లేటు. డిపాజిట్ చేస్తే పోతుందని భయపడకండి, రసీదు ఇస్తారు, మీకు లైసెన్స్ వచ్చాక అదే గన్ వెనక్కి తీసుకోవచ్చు. ఎలక్షన్ల ముందు లైసెన్స్ గన్‌లు స్టేషన్‌లో పెట్టించి తర్వాత తిరిగి ఇస్తారు చూడండి, దాచిపెట్టే పద్ధతి అలాంటిదే.

2016లో పాత 1962 రూల్స్ తీసేసి కొత్త ఆయుధాల రూల్స్ తెచ్చారు, అందులో వారసులకి లైసెన్స్ ఇచ్చే దారి ఉంది. చనిపోయాకే అని కాదు, లైసెన్స్‌దారుకి 70 ఏళ్ళు దాటినా, గన్ 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉన్నా బతికుండగానే వారసుడికి ఇప్పించొచ్చు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న అందరూ గుర్తుపెట్టుకోవాలి అని నా కోరిక, ఎందుకంటే మా సొంత అన్నయ్య విషయంలో ఎవరూ చెప్పక ఆఖరికి గన్ స్టేషన్‌లోనే తుప్పు పట్టింది. మీకు 21 ఏళ్ళు నిండి ఉండాలి, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, గన్ వాడకం మీద ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా ఉంచుతానని అండర్‌టేకింగ్, పోలీస్ వెరిఫికేషన్, ఇవన్నీ ఉంటాయి. మీరు ఉండేది సిటీలో కాబట్టి అప్లికేషన్ పోలీస్ కమిషనర్ ఆఫీస్‌కి. గన్ డిపాజిట్ మాత్రం మీ ఊరి స్టేషన్‌లో చెయ్యండి, రోడ్డు మీద మోసుకుంటూ వైజాగ్ తేవద్దు. పాత లైసెన్స్ బుక్‌లో యూఐఎన్ (లైసెన్స్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్) ఉందో లేదో చూడండి, అది లేకపోతే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఎక్కలేదని అర్థం, అది వేరే తలనొప్పి.

2019 సవరణ కూడా తెలుసుకోండి. అంతకుముందు మనిషికి మూడు గన్‌లు ఉండొచ్చు, ఇప్పుడు రెండే. లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెంచారు.

మందు గురించి. గన్ లైసెన్స్‌లో అమ్యునిషన్ కాలమ్ ఉంటుంది, ఏది ఎంత కొనొచ్చో అందులో రాసి ఉంటుంది, ఆ రాసినంతే, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే, కొన్నది బుక్‌లో ఎక్కించుకునే. దానిపైన 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 రూల్స్ ఉన్నాయి, ఆ రూల్స్‌లో గన్‌పౌడర్‌ని క్లాస్ 1 అని పెట్టారు, అంటే జాబితాలో మొట్టమొదటి పేరే దీనిది. ఇంట్లో సొంతంగా తయారు చెయ్యడం అసలు ఆలోచనలోకే రానివ్వకండి, అది లైసెన్స్ లేకుండా పేలుడు పదార్థం తయారు చెయ్యడమే, మూడేళ్ళ దాకా జైలు. లైసెన్స్ లేకుండా దగ్గర ఉంచుకుంటే రెండేళ్ళ దాకా, లేదా మూడు వేల జరిమానా. మూడు వేలే కదా అనుకోకండి, 2024లో కేంద్రం కొత్త బిల్లు డ్రాఫ్ట్ బయట పెట్టింది, అందులో ఆ మూడు వేలని యాభై వేలు చేస్తామన్నారు.

అనకాపల్లి_బెల్లం

పైన మావయ్యగారు చట్టం అంతా బాగా చెప్పీసారు గానీ నాకు ఆ డబ్బా గురించే భయంగా ఉంది బాబూ. రాత్రి చదివాను, నిద్ర పట్టక మళ్ళీ ఇప్పుడు రాస్తున్నాను.

ఆ డబ్బా ముట్టుకోవద్దు. మూత తియ్యొద్దు, గడ్డ కట్టిందని పుల్లతో పొడవొద్దు, ఎండలో పెట్టొద్దు. నీళ్ళు పోసి పెరట్లో పారబోద్దాం అనీ అనుకోవద్దు. రేకు డబ్బా అన్నావు, ఆ రేకు మూత తుప్పు పట్టి ఉంటాది, తిప్పినప్పుడు రేకుకి రేకు రాసుకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పాతబడితే మందు చచ్చిపోతాది అని మన ఊళ్ళల్లో అంటారు, అది తప్పు. సూరేకారం, గంధకం, బొగ్గు, ఈ మూడూ ఏళ్ళతరబడి అలాగే ఉంటాయి, చెమ్మ పట్టినది ఆరితే మళ్ళీ అంటుకుంటాది. పక్కన ఉన్న క్యాప్‌లు అయితే దెబ్బ తగిలితే పేలడానికే చేసినవి, రెండూ ఒకే అటక మీద పెట్టారంటే మీ తాతగారి కాలంలో ఎవరికీ ఏమీ అవ్వలేదంటే అది దేవుడి దయ.

కారులో వైజాగ్ తెస్తానంటున్నావు. 2024 దీపావళి రోజున ఏలూరులో ఏటయ్యిందో గుర్తుందా? స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే గుంతలో పడి పేలిపోయి బండి మీద మనిషి పోయాడు, పక్కనున్నవాళ్ళకి గాయాలు. మన జిల్లాలోనే 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ చోట పేలుడు, ఎనిమిది మంది పోయారు. మాకు ఇక్కడికి దగ్గరే అది. అంత పని చేసీవాళ్ళు, రోజూ దాంతోనే బతికీవాళ్ళు, వాళ్ళకే అలగ అయ్యింది.

నా సంగతి చెప్తాను. మా ఇంట్లో దీపావళికి మతాబులూ చిచ్చుబుడ్లూ సొంతంగా కూరుకునేవారు, ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళల్లో అంతే కదా. మా పెద్దనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, కూరుతుండగా గిన్నెలో మందు అంటుకుంది. వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో నెల పైన ఉన్నాడు, బతికాడు, కుడిచెయ్యి వేళ్ళు ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోవు, పెళ్ళిళ్ళకి వస్తే ఎడమచేత్తోనే అన్నం తింటాడు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను, కోపం అనుకోకు. ఇంట్లో పిల్లలుంటే ముందు వేరే ఇంటికి పంపీ, ఆ గదిలో పొయ్యి, దీపం, సిగరెట్ ఏవీ లేకుండా తలుపు వేసీసి స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. మనమే ముందుకొచ్చి చెప్పామని కాగితం మీద ఉంటే నీకే మంచిది.

ఇంకోటి, స్టేషన్‌లో మాట్లాడేటప్పుడు నల్లటి పొడి కదా అని నల్లమందు అనీకు. నల్లమందు అంటే ఓపియం, దానికి చట్టం వేరు, కేసు వేరు. తుపాకీ మందు అనే చెప్పు.

డాలస్_దత్తుడు

మీ బావగారు చెప్పిన లెక్క ఇక్కడ నిజమే గానీ అది అక్కడికి తెచ్చుకోవద్దు. నేను టెక్సాస్‌లో ఉంటాను, పుట్టింది మాత్రం పెదవాల్తేరులో. ఇక్కడ ఫెడరల్ చట్టంలో ఫ్యాక్టరీలో తయారైన బ్లాక్ పౌడర్, పాతకాలం తుపాకుల్లో స్పోర్ట్ కోసం వాడేది, 50 పౌండ్ల దాకా లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు, అంటే దాదాపు 23 కేజీలు. మొదట 1970 చట్టంలో 5 పౌండ్లే ఉండేది, మజిల్ లోడర్ షూటర్లు గట్టిగా అడిగితే తర్వాత 50 చేశారు. చాలా రాష్ట్రాల్లో జింకల వేటకి మజిల్ లోడర్ సీజన్ అని విడిగా ఉంటుంది, అందుకే వాడేవాళ్ళు ఇంతమంది.

కానీ ఫెడరల్ లెక్కే ఆఖరి మాట కాదు, ఊరి ఫైర్ కోడ్ వేరే. చాలాచోట్ల ఇంట్లో 20 పౌండ్ల దాకానే, అదీ కొన్న ఒరిజినల్ డబ్బాల్లో, ఇంచు మందం చెక్కపెట్టెలో పెట్టమంటారు. ఇనప బీరువాలో పెట్టి బిగిస్తే భద్రం అనుకుంటాం కదా, అది తప్పు, అంటుకుంటే గాలి బయటికి పోయే దారి లేక బీరువానే బాంబు అవుతుంది. చెక్కపెట్టె అయితే విడిపోయి ఒత్తిడి వదిలేస్తుంది. అయినా నేను అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక్క పౌండ్ కూడా తెచ్చుకోలేదు, కింద చిన్నపిల్లలున్న ఫ్యామిలీ ఉండేది, మనసు ఒప్పలేదు.

దొరకడం కూడా ఇక్కడ మునుపటిలా లేదు. అమెరికాలో స్పోర్ట్‌కి వాడే నల్లమందు (సారీ, తుపాకీ మందు) తయారు చేసే పెద్ద ఫ్యాక్టరీ లూసియానాలోని మిండెన్‌లో ఉంది, 2021లో మూసేస్తున్నామన్నారు, షాపుల్లో డబ్బాలు ఖాళీ, 2022లో వేరే కంపెనీ కొనుక్కున్నాక ఊపిరి పీల్చుకున్నాం.

క్యాప్‌లు మాత్రం మీ బావగారిని అస్సలు తేనివ్వకండి. ఫ్లైట్‌లో తుపాకీ మందు, పెర్కషన్ క్యాప్‌లు రెండూ నిషేధం, చేతి బ్యాగ్‌లోనే కాదు, చెకిన్ బ్యాగ్‌లో కూడా. గన్ రూల్ ప్రకారం లాక్ చేసిన పెట్టెలో చెకిన్ చెయ్యొచ్చు కాబట్టి ఇవీ వెళ్తాయిలే అని చాలామంది పొరబడతారు. ఇక్కడ దాటినా అక్కడ కస్టమ్స్‌లో దొరికితే ఆయన సెలవలు అక్కడితో ఆఖరు.

మువ్వలవానిపాలెం_కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్ అండీ. అనకాపల్లి బెల్లం గారూ, మీరు రాసింది చదివాక నిజంగా చెమటలు పట్టాయి, మొన్న ఆ డబ్బాని నేనే ఊపి చూశాను ఎంతుందో అని. ఇంట్లో అమ్మమ్మ ఒక్కరే ఉన్నారు, రాత్రే పక్కింటికి పంపించాం. పొద్దున్న బయల్దేరుతున్నాను.

ఒక్క డౌట్. డిపాజిట్ అయ్యి లైసెన్స్ వచ్చినా మందు ఎక్కడ దొరుకుతుంది? సిటీలో ఒక డీలర్‌ని అడిగితే మజిల్ లోడర్‌కి మందు తెప్పించడం మానేశాం, కావాలంటే తెలిసినవాళ్ళ దగ్గర బిల్లు లేకుండా ఇప్పిస్తా అన్నాడు.

పది_మీటర్ల_లైన్

ఆ షాపు వైపు మళ్ళీ వెళ్ళకండి. బిల్లు లేని మందు అంటే మీ లైసెన్స్ బుక్‌లో ఎక్కని మందు, రేపు వెరిఫికేషన్‌కి వస్తే మీరే ఇరుక్కుంటారు, ఆయన నాకు తెలీదు అంటాడు. పైగా అది ఎవరు ఎలా కలిపారో తెలీదు, పాత బ్యారెల్‌లో ఆ మందు దట్టిస్తే గొట్టం చీలిపోతే ముందు పోయేది మీ మొహం.

నేను రైఫిల్ షూటింగ్ చేస్తాను కాబట్టి చెప్తున్నా, మన రేంజ్‌లలో మజిల్ లోడర్ పేల్చే ఏర్పాటు నేనైతే ఎక్కడా చూడలేదు, పొలంలో చెట్టుకి కాగితం కట్టి పేల్చడం వేరే నేరం. పంట కాపలా లైసెన్స్ ఉన్నా అడవి పందిని సొంతంగా కాల్చకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఆ గన్‌ని తాతగారి గుర్తుగా లైసెన్స్‌తో ఉంచుకోండి, మందు లేకుండానే. లేదంటే పేల్చడానికి వీల్లేకుండా చేయించే దారి ఏమైనా ఉందేమో కమిషనర్ ఆఫీస్‌లోనే రాతపూర్వకంగా అడగండి, బయట వెల్డింగ్ షాపులో గొట్టం మూయించేసి మీ అంతట మీరే ఓకే అనుకోవద్దు. ఇంకో సంగతి, వైజాగ్ ఉప్పుగాలికి ఇనుము నెల తిరక్కుండా తుప్పెక్కుతుంది, ఎంవీపీలో మీరు బీచ్‌కి మరీ దగ్గర, వారానికోసారి నూనె గుడ్డ పెట్టాల్సిందే.

షూటింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టండి. బోర్ (గొట్టం లోపలి వెడల్పు) 0.177 ఇంచు దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, ఐడీ ప్రూఫ్ చాలు. గగన్ నారంగ్‌కి 2012 లండన్‌లో బ్రాంజ్ వచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. మందు వాసనా పొగా ఉండవు, కానీ ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కే ఆ ఒక్క క్షణం మాత్రం అదే.

మువ్వలవానిపాలెం_కుర్రోడు

అప్‌డేట్. నిన్న ఊరెళ్ళాను. తాతయ్య డెత్ సర్టిఫికెట్, లైసెన్స్ బుక్ జిరాక్స్, ఒక తెల్లకాగితం మీద మొత్తం జరిగింది రాసి స్టేషన్‌లో ఇచ్చాం. వాళ్ళు మమ్మల్ని ఇంట్లోకి రానివ్వకుండా ముందు వాళ్ళే వెళ్ళి చూశారు, తర్వాత అనకాపల్లి నుంచి మనుషులు వచ్చి డబ్బా, క్యాప్‌లు రెండూ విడివిడిగా తీసుకెళ్ళారు. ఎందుకు లేటు చేశారని గట్టిగానే అడిగారు, తప్పే కదా, ఒప్పుకున్నాను. గన్ డిపాజిట్ చేసుకుని రసీదు ఇచ్చారు, బుక్‌లో యూఐఎన్ ఉంది. ఇచ్చేముందు ఆఖరిసారి నూనె గుడ్డతో తుడుస్తానంటే ఎస్సైగారు సరే అన్నారు, అమ్మమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చిచ్చింది. సోమవారం కమిషనర్ ఆఫీస్‌కి వెళ్తున్నాను, మా పిన్నులిద్దరి నో అబ్జెక్షన్ లెటర్లు నోటరీ చేయించాలా, మామూలు కాగితం సరిపోతుందా, లైసెన్సుల మావయ్య గారూ, కొంచెం చెప్పండి.

లైసెన్సుల_మావయ్య

నోటరీ చేయించే తీసుకెళ్ళు బాబూ. ఒరిజినల్ రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వకు, జిరాక్సే ఇవ్వు.