నొప్పులున్నవాళ్ళు ఫంక్షన్లకి వెళ్తే మంచిదా, మానేస్తే మంచిదా?

మదనపల్లి_పిల్ల:
నాకు 41. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) వచ్చి ఆరేళ్ళు. పొద్దున లేచాక గంటన్నర దాకా వేళ్ళు ముడుచుకోవు, దువ్వెన కూడా పట్టుకోలేను. మధ్యాహ్నానికి కాస్త మామూలు మనిషినవుతా, నా ఖర్మ కాలి అందరూ చూసేది ఆ మధ్యాహ్నం మనిషినే. పోయిన నెల మా ఆయన పెదనాన్నగారి మనవడి పెళ్ళికి వెళ్ళలేదు, అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. డాక్టరేమో నలుగురిలో తిరగమంటారు. తిరిగొస్తే రెండ్రోజులు మంచమే. మీరంతా ఏం చేస్తున్నారు?

సీతమ్మధార_శ్రీను:
వెళ్ళాలండి, నా మాట వినండి. ఇంట్లో కూర్చుంటే నొప్పి తప్ప ఇంకో ధ్యాస ఉండదు. మా ఆవిడకి ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు, ఎనిమిదేళ్ళ నుంచి, రిపోర్టులన్నీ నార్మల్. నలుగురిలో పడితే నవ్వుతుంది, కబుర్లు చెబుతుంది, నొప్పి ఊసే ఉండదు, కళ్ళారా చూశా. మానేసిన కొద్దీ పిలుపులు తగ్గుతాయి, తర్వాత పిలిచేవాళ్ళే ఉండరు.

గోదారి_గట్టు:
కుర్చీ వేయించుకుని కూర్చుంటే సరిపోయేదానికి ఇంత చర్చ ఎందుకు

మదనపల్లి_పిల్ల:
గట్టు గారూ, పోయినేడు సత్యనారాయణ వ్రతంలో కుర్చీలోనే కూర్చున్నా. పీటల మీద కూర్చోనిదానికి వ్రతం ఎందుకని మా ఆడపడుచు నాకు వినపడేలాగే అంది.

గోదారి_గట్టు:
కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు అండి, శక్తి కొద్దీ భక్తి అన్నారు

మందులషాపు_మామ:
చర్చ సంగతి అలా ఉంచి ఒక మాట. మీ కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటుంటే అది వారానికి ఒక్కసారే, మర్నాడు కొందరికి వికారంగా ఉంటుంది, ఫంక్షన్ ఉంటే రోజు మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. మర్చిపోయి రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది.

అనంత_రాయుడు:
2006లో చికున్‌గున్యా మా వీధినంతా కూలేసింది. అప్పుడు ఊరంతా గోడలు పట్టుకునే నడిచింది, ఎవడూ ఎవర్నీ ఏమైందని అడగలా, పక్కింటోళ్ళే కూడు తెచ్చిచ్చిరి. మా అమ్మకి మోకాళ్ళు మాత్రం రెండేళ్ళు ఇడవలా. మిగతావాళ్ళు లేచి తిరుగుతుంటే అదే పక్కింటామె "నాటకాలు" అనింది. నొప్పి అదే, చుట్టూ ఉన్నోళ్ళు మారిండారు.

సీతమ్మధార_శ్రీను:
రాయుడు గారు నా మాటే చెప్పారు, తోడుంటే తట్టుకోగలం. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనం మార్చింది, అందులో నొప్పి మీద శరీరం, మనసుతో పాటు సమాజం ప్రభావం కూడా ఉంటుందని రాశారు.

మదనపల్లి_పిల్ల:
నేనూ చదివా. సమాజం నొప్పి తగ్గిస్తుందని ఎక్కడ రాశారండీ? పెంచనూ వచ్చు. దాని కిందే ఇంకో మాట ఉంది, మనిషి నొప్పి ఉందంటే ఆ మాటకి విలువివ్వాలని. అది మీరు వదిలేశారు. మీ ఆవిడ నవ్వింది చూశానన్నారు, ఇంటికొచ్చాక చెప్పులు విప్పుకోడానికి ఎంతసేపు పట్టిందో చూశారా?

సీతమ్మధార_శ్రీను:
చూశానండీ. ఆ చెప్పులు విప్పింది నేనే, ఎనిమిదేళ్ళుగా. మీరు నాకు చెప్పక్కర్లేదు. సరే ఒక్కటి అడుగుతా. వాళ్ళ చెల్లెలి సీమంతానికి రాజమండ్రి దాకా ట్రైన్లో వెళ్ళింది. మా అన్నయ్య గృహప్రవేశం గాజువాకలో, ముప్పావు గంట దూరం, దానికి రాలేకపోయింది. చీర, పళ్ళు పెట్టిన పళ్ళెం పట్టుకుని నేనొక్కణ్ణే వెళ్ళా. పది మంది "ఆవిడేదీ" అన్నారు, పది మందికీ జ్వరం అని చెప్పా. నొప్పులంటే ఎవడు నమ్ముతాడు. ఇదేం నొప్పండీ, ఊరిని బట్టి వస్తుందా?

గుడ్లగూబ_22:
అమ్మో, అసలు సంగతి ఇదా 😬

మదనపల్లి_పిల్ల:
ఊరిని బట్టి కాదు, ఇంటిని బట్టి వస్తుంది. పుట్టింట్లో నడుం వాల్చాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు, వెనక గదిలోకెళ్ళి పడుకుంటాం, కాఫీ వేళకి అమ్మే లేపుతుంది. అత్తారింటి వైపు పడుకోవాలంటే ముందు నలుగురికి సంజాయిషీ చెప్పుకోవాలి, లేచి నాలుగు మాటలు మాట్లాడితే "తగ్గిపోయిందే" అంటారు. ఇంకా వడ్డన. సాంబారు బకెట్ ఎత్తితే నా మణికట్టు ఆ రాత్రి నిద్రపోనివ్వదు.

సీతమ్మధార_శ్రీను:
మా ఇంట్లో ఆవిణ్ణి వడ్డించమని ఎవరూ అడగలేదే.

మదనపల్లి_పిల్ల:
అడగరు, చూస్తారు. దూరం లెక్క కాదండీ శ్రీను గారూ, ట్రైన్లో బెర్త్ ఉంటుంది. మీ అన్నయ్యగారింట్లో ఉందా? నొప్పులంటే నమ్మరని మీరే జ్వరం అన్నారు. అలాంటి చోటికి ఆవిడెందుకు వస్తుంది?

అనంత_రాయుడు:
🙏

సీతమ్మధార_శ్రీను:
(రాత్రి 11:40) మూడు బెడ్‌రూములు. ఆవేళ ఒకదాంట్లో పూలబుట్టలు, స్వీట్ల డబ్బాలు, ఇంకోదాంట్లో మగాళ్ళం పేకాడుతున్నాం. మూడోదాంట్లో ఏసీ ఉందని పెద్దవాళ్ళు.
నేనూ పేకాడా.
వచ్చే నెల అక్కడే నాన్నగారి సంవత్సరీకం. పూలగది ముందురోజే ఖాళీ చేయించమని వదినకి ఫోన్ చేస్తా. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

మదనపల్లి_పిల్ల:
జ్వరం అని మాత్రం చెప్పకండి.

గోదారి_గట్టు:
సంవత్సరీకానికి కూడా కుర్చీలో కూర్చోవచ్చు, మా పంతులుగారిని అడిగా