5ఎఫ్1 క్లోన్: రెక్టిఫైయర్‌కి వాల్వా, డయోడ్లా?

బిట్రగుంట_గిటార్
అందరికీ నమస్కారం. 1950ల చివర వచ్చిన ఫెండర్ చాంప్ గిటార్ యాంప్లిఫైయర్‌ని, అదే 5ఎఫ్1 సర్క్యూట్‌ని, సొంతంగా కడుతున్నాను. సిగ్నల్ పెంచడానికి ఒక 12ఏఎక్స్7 వాల్వు, స్పీకరుని నడిపే పవర్ వాల్వు ఒక 6వి6, రెక్టిఫైయర్‌కి (అంటే ఏసీని డీసీ చేయడానికి) 5వై3 వాల్వు, 8 అంగుళాల స్పీకరు. మొత్తం 5 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ 325-0-325 వోల్టులకి (మధ్య ట్యాప్‌కి రెండు వైపులా 325) చుట్టించాను. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో మిగతా సామాను దొరికింది గానీ 5వై3 ధర వింటే గుండె జారింది. దాని బదులు రెండు 1ఎన్4007 డయోడ్లు పెట్టుకోమన్నాడు షాపతను. పెట్టొచ్చా? సౌండు మారుతుందా?

మూలాపేట_రేడియో
పెట్టొద్దు నాయనా. 5వై3 ఉంటే, గట్టిగా మీటినప్పుడు హెచ్‌టీ వోల్టేజి (వాల్వులకి వెళ్ళే పెద్ద డీసీ) కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది. నోటు మెత్తగా విచ్చుకునేది అందుకే. డయోడ్లతో అది రాదు. మా నాన్నగారి కాలం నుంచి నెల్లూరులో వాల్వు సెట్లు బాగుచేస్తున్న ఇల్లు మాది, ఊరికే చెప్పడం లేదు.

ఒంగోలు_స్ట్రింగ్స్
అన్నా, ఆ కుంగడం రెండు పవర్ వాల్వులు పుష్‌పుల్‌లో, అంటే వంతులవారీగా, పనిచేసే యాంప్‌ల సంగతి. అక్కడ గట్టిగా మీటితే కరెంటు బాగా పెరుగుతుంది, 5వై3 తట్టుకోలేక వోల్టేజి పడిపోతుంది. చాంప్‌లో ఉన్నది ఒకే ఒక్క 6వి6, అదీ క్లాస్ ఏ. మీటినా మీటకపోయినా అది లాగే కరెంటు దాదాపు ఒకటే. కరెంటు మారనప్పుడు వోల్టేజి ఎందుకు కుంగుతుంది?

సింగరాయకొండ_బేస్
ఇదే ప్రశ్న నాకూ ఉంది. ఫాలో అవుతున్నా.

మూలాపేట_రేడియో
లెక్కలు నాకూ వచ్చు. నా చెవికి తేడా తెలుస్తోంది. ఇంకోటి, స్విచ్ వేయగానే డయోడ్లు మొత్తం వోల్టేజిని ఒక్కసారి కెపాసిటర్ల మీద పడేస్తాయి. వాల్వు అయితే వేడెక్కి నిదానంగా ఇస్తుంది.

ఒంగోలు_స్ట్రింగ్స్
నిదానంగా ఇచ్చేది జీజడ్34 లాంటి వాల్వు. దానికి కాథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం) హీటరు నుంచి విడిగా ఉంటుంది కాబట్టి వేడెక్కడానికి టైమ్ పడుతుంది. 5వై3లో ఫిలమెంటే కాథోడ్, కొన్ని సెకన్లలో వోల్టేజి వచ్చేస్తుంది. 6వి6 అప్పటికి ఇంకా చల్లగానే ఉంటుంది. మీరు చెప్పే రక్షణ 5వై3తో లేదు.

చెవికి తేడా తెలిసిందంటున్నారు. 5వై3 తనలోనే పదుల వోల్టులు తినేస్తుంది, డయోడు తినేది ఒక్క వోల్టు. వోల్టేజి పెరిగితే సౌండు గట్టిపడుతుంది మరి. ఆ పెరిగినదాన్ని రెసిస్టర్ పెట్టి తగ్గించి విన్నారా ఎప్పుడైనా?

కందుకూరు_వైండింగ్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. తమ్ముడూ, ఒక్కో వైపు ఒక్క 4007 మాత్రం పెట్టకు. 325-0-325 వైండింగ్‌లో డయోడు మీద తిరగబడే వోల్టేజి రెండు సగాలూ కలిసి 919 దాకా వస్తుంది. మెయిన్స్ 230 నుంచి 250కి పెరిగిందంటే అది 999. ఆ డయోడు తట్టుకునేది 1000. ఒక్కో వైపు రెండేసి సిరీస్‌లో పెట్టు. ఆ తర్వాత 6వి6 కాథోడ్ దగ్గర 470 ఓమ్‌ల రెసిస్టర్ మీద వోల్టేజి కొలువు. 20 వచ్చిందంటే 42 మిల్లీ యాంపులు. దాన్ని ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య వోల్టేజితో గుణించు. 6వి6కి పాత పుస్తకాలు ఇచ్చిన హద్దు 12 వాట్లు. బాగా దాటితే హెచ్‌టీలో రెసిస్టర్ వేసి దించు.

అల్లూరు_చెరువులు
మా వైపు సాయంత్రం రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లన్నీ తిరిగితే మెయిన్స్ 180కి పడుతుంది. అప్పుడు వాల్వు హీటరుకి 6.3 బదులు 4.9 వస్తుంది. మీరు డయోడా వాల్వా అని కొట్టుకుంటున్నారు, మాకు స్టెబిలైజర్ లేకపోతే ఏదీ పనిచేయదు.

మూలాపేట_రేడియో
స్టెబిలైజర్ సంగతి వేరే. కుర్రాడు క్లోన్ అన్నాడు. క్లోన్ అంటే ఉన్నది ఉన్నట్టు కట్టడం. పార్టులు మార్చుకుంటూ పోతే దానికి చాంప్ అనే పేరెందుకు?

ఒంగోలు_స్ట్రింగ్స్
ఒరిజినల్‌కి రెండు పిన్నుల వైరే ఉండేది. ఎర్త్ లేదు. అదీ ఉన్నది ఉన్నట్టే పెట్టమంటారా?

మూలాపేట_రేడియో
మూడు పిన్నులే పెట్టాలి. ఛాసిస్‌కి ఎర్త్ ఇవ్వాలి. అది ప్రాణం సంగతి.

ఒంగోలు_స్ట్రింగ్స్
అంటే మార్చొచ్చు. ఏది మార్చాలో మీరు చెప్పాలి, మేము వినాలి. ఇదే నాకు నచ్చనిది.

నా చిన్నప్పుడు చర్చిలో వాయించే యాంప్ పాడైతే మా ఊళ్ళో ఒక షాపుకి మోసుకెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. ఏం పోయిందని అడిగితే నీకెందుకన్నారు. అడిగినంత డబ్బు ఇచ్చి తెచ్చుకుని మూత విప్పి చూస్తే మారింది ఒక్క రెసిస్టర్. ఆ రోజు వాళ్ళు సర్క్యూట్ కాగితం చూపించి ఉంటే అప్పుడే నేర్చుకునేవాణ్ణి. మీ తరం మెకానిక్‌లు పని చేశారు గానీ పని చెప్పలేదు. ఇప్పుడొక కుర్రాడు ధైర్యం చేసి కడుతుంటే పెట్టొద్దు అని ఒక్క మాటతో మూసేస్తున్నారు.

సింగరాయకొండ_బేస్
బ్రదర్, కొంచెం మెల్లగా. పెద్దాయన.

మూలాపేట_రేడియో
ఎవరో చేసినదానికి నేనెలా జవాబుదారీ? సరే, కోపం లేకుండా చెబుతాను. నాకు భయం సౌండు గురించి కాదు. ఈ కుర్రాడికి ఇది మొదటి యాంప్. రేపు హమ్ వస్తుంది, లేదా సౌండే రాదు. అప్పుడు ఏ పిన్ను దగ్గర ఎంత వోల్టేజి ఉండాలో చూసుకోవడానికి ఫెండర్ వాళ్ళ డ్రాయింగు ఒక్కటే దిక్కు. అందులో అంకెలు 5వై3తో కొలిచినవి. డయోడ్లు పెట్టి, ఫిల్టర్ కెపాసిటర్లు పెంచి, ఫీడ్‌బ్యాక్ 22కె రెసిస్టర్ తీసేశాక ఆ అంకెల్లో ఒక్కటీ కలవదు. తప్పు తన సోల్డరింగ్‌లో ఉందో మార్పులో ఉందో ఎలా తెలుస్తుంది? రిపేరుకి నా దగ్గరికి వచ్చే సెట్లలో సగం ఇలాంటివే. ఎవరు ఏం మార్చారో వాటిమీద రాసి ఉండదు. మొదట ఉన్నది ఉన్నట్టు కట్టమనేది అందుకే.

ఒంగోలు_స్ట్రింగ్స్
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. ఇందులో అర్థం ఉంది. కానీ మార్చినవాడు రాసిపెట్టుకుంటే సరిపోతుంది కదా, మార్చకుండా ఉండటమెందుకు? నా యాంప్ మూత లోపల ప్రతి మార్పూ, ముందు తర్వాత వోల్టేజీలతో సహా కాగితం మీద అంటించి ఉంది. ధర చూసి 5వై3 కొనలేనివాడు యాంప్ కట్టడమే మానుకోవాలా? మీ పద్ధతిలో ఆ ప్రశ్నకి జవాబు లేదు.

మూలాపేట_రేడియో
మానుకోమనలేదు. ఆగమంటున్నాను. పాత రేడియోల్లో 5వై3లు ఇంకా ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి.

ఒంగోలు_స్ట్రింగ్స్
ఎన్నాళ్ళు ఆగాలి? పాత రేడియోలు చేతిలో ఉన్నవాళ్ళు ఆగమనడం తేలిక.

బిట్రగుంట_గిటార్
ఇద్దరికీ థాంక్స్. ఛాసిస్‌కి 5వై3 కోసం ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) సాకెట్ బిగించేశాను. చెడిపోయిన ఆక్టల్ వాల్వు బేస్‌లో నాలుగు డయోడ్లు, ఒక రెసిస్టర్ సోల్డర్ చేసి ఆ సాకెట్‌లో పెడతాను. 5వై3 దొరికిన రోజు ఆ బేస్ తీసి వాల్వు పెట్టుకోవచ్చు కదా? రెసిస్టర్ విలువ ఎంత ఉండాలి, ఎన్ని వాట్లది?

మూలాపేట_రేడియో
విలువ ఊరికే చెప్పలేను. నీ డ్రాయింగులో హెచ్‌టీ ఎంతని రాసి ఉందో చూడు, నీకు ఎంత వస్తోందో కొలిచి ఇక్కడ పెట్టు.

కందుకూరు_వైండింగ్
పదివాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తీసుకో. బేస్‌లో ఇరికించకు, వేడెక్కుతుంది, ఛాసిస్‌కి బిగించు. కొలిచాక స్విచ్ ఆపినా కెపాసిటర్లలో మూడొందల పైన వోల్టులు ఉంటాయి. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టు.