మావయ్య సగంలో వదిలేసిన బౌంటీ ఓడ మోడల్: చెక్క బద్దలన్నీ పీకి మళ్ళీ మొదలెట్టాలా, ఉన్నదాని మీదే లాగించాలా?

అటకమీది_ఓడ
మా మావయ్య మర్చంట్ నేవీలో చేశాడు. తొంభైల్లో ఏదో రేవులో చెక్క ఓడ కిట్టు ఒకటి కొనుక్కొచ్చి, సెలవులకి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చేసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. మొన్న విశాఖలో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత లుంగీలో చుట్టి ఉన్న ఓడ దొరికింది. "నీకే ఇష్టం కదా, పట్టుకుపో" అంది అత్తయ్య. ఇష్టం ఉంది, అనుభవం సున్నా.

ఓడ బౌంటీ. 1789లో కెప్టెన్ బ్లై మీద నావికులు తిరగబడ్డ ఓడ. ఒకటికి 48 స్కేలు, అంటే అసలు ఓడలో 48వ వంతు. ఓడ పొడవునా ఉండే వెన్నుపలక, దానికి అడ్డంగా ఓడ ఒంపుకి కోసిన అడ్డుపలకలు అన్నీ నిలబెట్టేశాడు. వాటి మీద మొదటి వరస బద్దలు కుడివైపు తొమ్మిది, ఎడమవైపు నాలుగే. కుడివైపు ముక్కు దగ్గర బద్దలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. అదే వైపు మధ్యలో చేత్తో తడిమితే గుంట తగులుతోంది. ఒక్కో బద్ద మీద పెన్సిల్‌తో తేదీ ఉంది. చివరిది 14-1-99. సంక్రాంతి పూట కూడా కూర్చున్నాడన్నమాట.

తెలిసినాయనకి ఫొటోలు పంపితే "అన్నీ పీకెయ్యి" అన్నారు. ఆ మాట అత్తయ్యతో అనడానికి నోరు రావట్లేదు. మీరేమంటారు?

చెక్కపొట్టు
పీకెయ్యండి. నొప్పి ఇప్పుడైతే ఒక ఆదివారం, తరవాతైతే జీవితాంతం.

నా మొదటి ఓడకి నేనూ ఇలాగే జాలిపడ్డాను. గుంటల్లో లప్పం పెట్టి, రుద్ది, పైన వాల్‌నట్ చెక్క బద్దలు ఇంకో వరస వేశాను. ఆ రెండో వరస అర మిల్లీమీటరు మందం. కింద గుంట ఉంటే పైనా గుంటే. వార్నిష్ కొట్టి షోకేసులో పెట్టి లైటు వేశాక, పక్కటెముకలు తేలిన ఆవులా కనిపించింది. ఇప్పటికీ ఆ వైపుని గోడకి తిప్పే ఉంచుతాను.

ముక్కు దగ్గర ఎందుకు ఎక్కాయో చెప్తాను. ఓడ నడుము వెడల్పు, ముక్కు సన్నం. నడుం దగ్గర అడ్డుపలక చుట్టుకొలత 90 మిల్లీమీటర్లయితే 5 మిల్లీమీటర్ల బద్దలు 18 పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 54 అనుకుందాం. 18 బద్దలూ అక్కడ ఇమడాలంటే ఒక్కోటి 3 మిల్లీమీటర్లకి సన్నబడాలి. మీ మావయ్యగారు బద్దల్ని చిత్రిక పట్టకుండా నిండు వెడల్పుతోనే ముక్కు దాకా లాగారు. కొత్తవాళ్ళందరూ చేసేదే.

డాలస్_తెరచాప
చెక్కపొట్టు గారూ, ఇక్కడ ఓడ ఏదో కూడా చూడండి. బౌంటీ మొదట బెథియా పేరుతో 1784లో ఇంగ్లండ్‌లోని హల్ దగ్గర కట్టిన సరుకు ఓడ. తాహితీ నుంచి సీమపనస మొక్కలు తేవడానికని 1787లో బ్రిటిష్ నేవీ కొని, లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్ రేవులో నీటిగీత కింద భాగానికి రాగిరేకు తొడిగించింది. మోడల్‌కి కూడా రాగి అంటిస్తే కింద సగం బద్దలు ఎవరికీ కనిపించవు. పైన సగం మీద రెండో వరస వస్తుంది. అంటే మీరు పీకమంటున్నవి ఎలాగూ చీకట్లోకి పోయేవే.

ఇంకోటి. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్‌లో ఉన్న విక్టరీ 1765లో నీళ్ళలోకి దిగిన యుద్ధ ఓడ. ఇప్పుడు దానికి పెద్ద రిపేరు జరుగుతోంది. అక్కడ కూడా కుళ్ళిన చెక్క తీసి కొత్తది వేస్తారు, గట్టిగా ఉన్న పాతదాన్ని వీలైనంత వరకు ఉంచుతారు. పాత చెయ్యి చేసిన పనికి ఒక విలువ ఉంటుంది.

చెక్కపొట్టు
విక్టరీ పలక వంకరగా వెయ్యలేదండీ, కుళ్ళింది. రెండూ ఒకటి కాదు. రాగి సంగతంటారా, ఆ రేకు కాగితమంత పల్చన. గుంట మీద అంటిస్తే గుంటని ఇంకా మెరిపించి చూపిస్తుంది.

గోదారి_గట్టు
మా తాత పడవలు చేసేవాడు, నేను చూస్తూ పెరిగాను. రిపేరుకి పడవ వస్తే ముందు ఉలి ముట్టేవాడు కాదు. సుత్తి తిరగేసి పలక పలకా తట్టుకుంటూ పోయేవాడు. గట్టి పలక మోత వేరు, లోపల చచ్చిన పలక మోత వేరు. చుట్టూ తట్టాకే సుద్దతో గీత గీసేవాడు. మీరిద్దరూ గీత గియ్యకుండానే కొట్టుకుంటున్నారు.

అసలు ప్రశ్న బద్దలది కాదు, వెన్నుది. ఒక వైపు తొమ్మిది, ఒక వైపు నాలుగు అంటున్నారు. బద్దలు ఎప్పుడూ రెండు వైపులా జంటగా పడాలి. ఒక వైపే వేసుకుంటూ పోతే జిగురు ఆరుతూ ఆ వైపుకి లాగుతుంది, వెన్నుపలక విల్లులా వంగుతుంది. ముందు ఇది చూడండి: ముక్కు నుంచి చుక్కాని దాకా వెన్ను వెంట దారం బిగించి లాగండి. తరవాత మొదటి అడ్డుపలక నెత్తిన ఒక బద్ద, చివరిదాని నెత్తిన ఒక బద్ద అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి వెనక నుంచి చూడండి. రెండు బద్దలూ సమానంగా కనిపిస్తే మెలి లేదు. మెలి ఉంటే మాత్రం పీకినా లాభం లేదు, ఉంచినా లాభం లేదు.

మొదటి_కిట్టు
నాదో మాట. అసలు కొత్తవాళ్ళు ఇలాంటి మూడు తెరచాప కొయ్యల ఓడతో మొదలెట్టకూడదు. ఒక్క కొయ్య ఉన్న చిన్న పడవ కిట్టు చేసి, చెయ్యి తిరిగాక దీన్ని ముట్టుకోండి. ఇరవై ఏళ్ళకి పైగా ఆగిన ఓడ ఇంకో ఏడాది ఆగదా?

అటకమీది_ఓడ
సలహా మంచిదే, కానీ కొత్త కిట్టు ధర చూశాక మా ఆవిడ నన్ను చూసిన చూపు మీరు చూడలేదు.

దారం లాగాను. వెన్ను కుడివైపుకి 2 మిల్లీమీటర్లు వంగింది. మెలి లేదు. గోదారి_గట్టు గారికి దండాలు.

గోదారి_గట్టు
2 అంటే పోయేదేం లేదు. ఎత్తుపల్లాల్లేని మందపాటి పలక మీద వెన్నుని క్లాంపులతో నిటారుగా బిగించండి. అలా బిగించి ఉండగానే ఎడమవైపు బద్దలు వేసుకుంటూ రండి. అటు లాగుడికి ఇటు లాగుడు సరిపోతుంది.

డాలస్_తెరచాప
చూశారా, ఒక్కటి కూడా పీకక్కర్లేదు.

చెక్కపొట్టు
వంపు సరే. గుంట ఎక్కడికి పోయింది?

ఇంకా సెంటిమెంటే అడ్డమైతే ఒకటి గుర్తు చేస్తాను. అసలు బౌంటీని 1790 జనవరిలో పసిఫిక్‌లోని పిట్‌కైర్న్ దీవి దగ్గర దాంట్లో వచ్చిన తిరుగుబాటువాళ్ళే తగలబెట్టారు. మీరు నాలుగు బద్దలకి ఏడుస్తున్నారు.

అటకమీది_ఓడ
గుంట ఎందుకొచ్చిందో తెలిసింది. నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చి వేసి పైనుంచి లోపలికి చూశాను. డెక్కు ఇంకా వెయ్యలేదు కాబట్టి లోపలంతా కనిపిస్తుంది. అయిదో అడ్డుపలక కుడి అంచున పెన్సిల్‌తో "1 మి.మీ. తక్కువ" అని రాసుంది. పలక కోతలోనే లోటు. అదే పలక ఎడమ అంచుకి మాత్రం గోరంత మందం చెక్క పేడు అంటించి, బద్ద ఒంపుకి సరిపడా రుద్దేశాడు. ఎడమవైపు ఆ నాలుగు బద్దల మీద వేలు జారిపోతోంది, ఎక్కడా తట్టుకోవట్లేదు. ముక్కు దగ్గర సన్నగా చెక్కాడు కూడా. తేదీలు చూస్తే కుడివి ముందు, ఎడమవి తరవాత.

ఇంకోటి. కుడివైపు ఆరు, ఏడు, ఎనిమిది బద్దలకి లోపలి వైపు ఇంటూ గుర్తులున్నాయి. ఎనిమిదో దాని పక్కన "తియ్యాలి" అని ఉంది.

గోదారి_గట్టు
సుద్దగీత దొరికింది కదండీ.

చెక్కపొట్టు
నేను చెప్పింది అదేగా. ఆయనే తియ్యాలన్నారు.

డాలస్_తెరచాప
మీరు చెప్పింది అన్నీ పీకమని. ఆయన చెప్పింది మూడు.

చెక్కపొట్టు
తొమ్మిదోది ఎనిమిదో దాన్ని ఆనుకుని కూర్చుంది. అది రాకుండా ఎనిమిదోది ఎలా వస్తుంది? నాలుగు. అయిదో బద్ద కూడా ముక్కు దగ్గర ఎక్కి ఉందని ఫొటోలో నాకు అనుమానం, కానీ ఇక వాదించను. ఆ ఒక్కదాన్నీ ముక్కు దగ్గర రుద్ది సరిపెట్టండి.

పీకేముందు జిగురు ఏదో తేల్చుకోండి. తడి దూది ఒక గంట పెట్టి చూడండి. జిగురు తెల్లబడి మెత్తబడితే ఫెవికాల్ జాతి. గోరువెచ్చని నీళ్ళో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో దూదితో అద్ది రాత్రంతా వదిలేస్తే పొద్దున పల్చటి బ్లేడుకి లేచి వస్తుంది. గాజులా మెరుస్తూ గట్టిగా ఉంటే సూపర్ గ్లూ, దానికి అసిటోన్ కావాలి. కిటికీలు తీసుకుని కూర్చోండి.

అటకమీది_ఓడ
తెల్లబడింది. తొమ్మిదోది, ఎనిమిదోది విరక్కుండా వచ్చేశాయి, తేదీలతో సహా. అత్తయ్యకి ఫోన్ చేసి ఇంటూ గుర్తుల సంగతి చెప్పాను. "ఆ రెండు ముక్కలూ పారెయ్యకు, నాకు పంపు" అంది.

ఏడో దాంట్లో రెండు చిన్న ఇత్తడి మేకులు తల దాకా దిగిపోయి ఉన్నాయి, శ్రావణానికి అందట్లేదు. చుట్టూ చెక్క తొలిచి తియ్యాలా, లోపలి నుంచి తన్నాలా?