అప్‌డేట్: ఘట్‌కేసర్ ఇంటి వెనక కనిపించిన పాము

మోటారు పక్కన ఇటుకల్లోకి నల్లటి పాము దూరింది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్సండీ.

ఎక్కువమంది చెప్పినట్టు, పాముల్ని కాపాడి పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేశాం. వాళ్లు వచ్చేదాకా దూరంగా నిలబడి, అది ఎటు పోతుందో చూస్తూ ఉన్నాం. వచ్చినతను కొక్కెం కర్రతో ఇటుకలు ఒక్కోటీ జరిపి, దాన్ని పైపులోంచి సంచిలోకి పంపించాడు. కట్లపామే! ఒంటి మీద సన్నటి తెల్లచారలు జంటజంటగా, తలవైపు మసగ్గా, తోకవైపు స్పష్టంగా ఉన్నాయి. చూడ్డానికి ఇలాగే ఉండే, మనిషికి ప్రమాదం లేని వుల్ఫ్ స్నేక్‌కైతే చారలు మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. అయినా చారలు చూసి మనమే తేల్చేసుకుని దగ్గరికి పోవద్దు.

కట్లపాము రాత్రుళ్లు తిరుగుతుంది. కాటేసినా నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి, యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి పోవాల్సిందే. తాడు బిగించడాలు, కోయడాలు, మంత్రాలు అస్సలొద్దు. నాకు ఎక్కువ భయం నేల మీద పడుకునే అత్తమ్మ గురించే. ఆమెకి మంచం వేసి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుతున్నాం.

ఇటుకలు తీయించేశాం. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించాలి. పక్క ఖాళీ ప్లాటు ఓనర్ నంబరు దొరికింది, పొదలు కొట్టించమని అడుగుతున్నాం.