దులిపితే పొడా, మడా?

గోదారిగట్టు: మా తాతయ్య టెర్లిన్ (పాలిస్టర్) చొక్కా తొడుక్కుంటూ అనే మాటొకటి కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. "ముంచితే తడి, దులిపితే _డి, టెర్లిను చొక్కాకి ఇస్త్రీ ఏల?" ఆ ఖాళీలో ఉన్నది పొడా, మడా? అమ్మ పొడి అంటుంది. పెద్దత్తయ్య మడేనని గట్టిగా చెబుతోంది. మీ ఇళ్లల్లో ఎవరైనా విన్నారా?

పాతపొత్తం: పొడే. తడిపొడి ఎప్పటి జంట! గుడ్డ తీరు కూడా అదే చెబుతుంది. నూలు గాలిలోంచే తన బరువులో 7, 8 శాతం తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. నీళ్లు పోగుల మధ్య నిలుస్తాయి గానీ పోగులోకి ఇంకవు. గట్టిగా దులిపితే సగం ఆరినట్టే.

మడికట్టు: జంట అంత తేలిగ్గా దొరికిందంటేనే అనుమానించాలండీ. మడిని పొడిగా మార్చేవాళ్లుంటారు, పొడిని మడిగా ఎవరు మారుస్తారు? నూలు పంచెను తడిపి, ఎవరూ తాకని దండెం మీద ఆరేస్తేనే మడి. పట్టుబట్టకి రోజూ తడుపు అక్కర్లేదు. పట్టులా మెరిసే కొత్త గుడ్డ వచ్చేసరికి దానికీ ఆ వెసులుబాటు ఇచ్చేసిన మాట ఇది.

సిరిసిల్ల బిడ్డ: మా దిక్కు మరమగ్గాల మీద పాలిస్టరే ఎక్కువ నడుస్తది. దాన్ని పట్టు లెక్క చూసినోళ్లను నేనైతే చూడలే. నా అనుమానం టెర్లిను మీదనే. టెరీను అయ్యుంటది. మన దేశంల అమ్మిన పేరు టెరీన్, టెరిలిన్ అనేది ఇంగ్లండు పేరు.

పాతపొత్తం: రెండూ మన దగ్గర వాడుకలో ఉన్నవే. 1941లో మాంచెస్టర్ కాలికో ప్రింటర్స్ సంస్థకి పనిచేస్తూ విన్‌ఫీల్డ్, డిక్సన్ ఈ పోగు తీశారు. దాని ముడిసరుకుల పేర్లలోంచి టెరిఫ్తాలిక్ తల, ఎథిలీన్ తోక కలిస్తే టెరిలిన్. కలిగి కల్గి అయినట్టు, తెలిసి తెల్సి అయినట్టు, మన నోట్లో అది టెర్లిన్ అయింది. టెరికాటన్‌లో ఉన్నదీ ఆ తలే. 67 పాళ్లు పాలిస్టర్, 33 పాళ్లు నూలు కలిపి నేసిన రకం బాగా చెల్లింది.

గోదారిగట్టు: తాతయ్య చొక్కా ఇంకా మా బీరువాలో ఉంది. జేబు కింద చుట్ట నిప్పు పడి గుండ్రంగా చిల్లు పడింది. అంచు కరిగి, పూసలా గట్టిపడింది. నూలైతే నల్లగా మాడి రాలిపోయేది. చుట్ట కాలుస్తూ తొడుక్కున్న చొక్కాకి మడి ఏమిటని అమ్మ వాదన.

మడికట్టు: చొక్కా వేరు, సామెత వేరు. గుడ్డల పేర్లు ఎలా తిరుగుతాయో శ్రీనాథుణ్ణి అడగండి. హరవిలాసంలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరుకుల సీసపద్యంలో "చీని చీనాంబరశ్రేణి దెచ్చె" అన్నాడు. చీనాంబరమంటేనే చీనా బట్ట కదా, మళ్లీ చీని ఎందుకు? అప్పటికే చీనాంబరం అంటే ఏ ఊరి సన్నపట్టయినా సరే అనే అర్థం వచ్చేసింది. ఏ మిల్లు పాలిస్టరైనా మనకి టెర్లినే అయినట్టు.

పాతపొత్తం: అంత దూరం పోనక్కర్లేదు. అక్కడ యతి చీకీ శ్రేకీ. రెండో చీతో యతికి పనే లేదు. మొదటి గణం నిండడానికి చీని పడింది.

మడికట్టు: గణం కోసం మాట అతికించేవాడా శ్రీనాథుడు! సీసమంతా చదవండి. పంజారం, సింహళం, హురుమంజి, గోవ, భోట... ప్రతి సరుకు ముందూ అది వచ్చిన చోటు పేరుంది. ఆ వరసలో చీనాంబరానికి మాత్రం ఊరు లేకుండా ఎలా వదిలేస్తాడు?

సిరిసిల్ల బిడ్డ: ఈ మాట మంచిగున్నది. మరి ఆ సీసంలనే ఉన్న జలనోంగి యాడిది? అక్కడి నుంచి "బంగారు మొలక" తెచ్చిండు గద, ఆ మొలక అంటే ఏంది?