సిరొంచ మైదానం: బాణం వేగానికి హద్దు పెట్టాలా?

పాత నారి (సిరొంచ):
పోయిన ఆదివారం మన మైదానంలో కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) పోటీ చూసిన వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. 15 బాణాలకు 150 పాయింట్లలో మా చిన్నోడు 138, ఆ పొడుగు అబ్బాయి 141. ఓడాడని రాయడం లేదు. పోటీకి ముందు విల్లును కాటాకు తగిలించి, నారి లాగడానికి పట్టే బలం 60 పౌండ్లు దాటలేదని చూశారు, అంతే. మావాడు లాగేది 26 అంగుళాలు, ఆ అబ్బాయి 29. పౌండ్లు సమానమే, కానీ ఎక్కువ దూరం లాగిన నారి బాణాన్ని ఎక్కువసేపు తోస్తుంది. అంగుళానికి సెకనుకు సుమారు 10 అడుగుల తేడా వస్తుందని విల్లు కట్టే వాళ్లంతా చెప్పేదే. అంటే 30 అడుగులు! పొట్టిగా పుట్టడం వాడి తప్పా? కనీసం మన దగ్గరి పోటీల్లోనైనా సెకనుకు 270 అడుగులని హద్దు పెట్టండి.

లెక్కల సార్ (బల్లార్షా):
తమ్మీ, ఒక కాగితం తీసుకో. మన గుర్తు దూరం 50 మీటర్లంటే 164 అడుగులు. సెకనుకు 280 అడుగుల వేగంతో పోయే బాణం 0.59 సెకన్లలో చేరుతుంది, 250తో పోయేది 0.66లో. ఆ కాస్త సమయంలో రెండోది సుమారు అడుగున్నర ఎక్కువ కిందికి దిగుతుంది. గురి చూసే సైట్ ఒకసారి దించుకుంటే సరి. దూరం మారనప్పుడు వేగం పాయింట్లు తెచ్చిపెట్టదు. 2023లో బెర్లిన్ ప్రపంచ పోటీల ఫైనల్‌లో మన సతారా అమ్మాయి అదితి స్వామి 149 కొట్టింది, అప్పటికి 17 ఏళ్లు. అమ్మాయిలు సాధారణంగా మగపిల్లలంత బరువు విల్లు లాగరు. వేగమే గెలిపిస్తే ఆ 149 ఎక్కడిది?

బొగ్గుబావి:
కాటా అయ్యాక అలెన్ కీతో లింబ్ బోల్టు (విల్లు రెక్కను పట్టే బోల్టు) ఒక చుట్టు బిగించి పౌండ్లు పెంచితే ఎవరు చూశారు?

పాత నారి:
సార్, అదితి స్వామి గురించి అడగలేదు, మా చిన్నోడి గురించి అడిగాను. వేగంతో పని లేకపోతే అడవిలో తిరుగుతూ వేసే ఫీల్డ్ ఆర్చరీలో ఐఎఫ్ఏఏ (అంతర్జాతీయ ఫీల్డ్ ఆర్చరీ సంఘం) వాళ్లు సెకనుకు 300 అడుగుల హద్దు ఎందుకు పెట్టారు?

లెక్కల సార్:
అడవిలో గుర్తు ఎంత దూరంలో ఉందో కొన్నిసార్లు చెప్పరు. కంటి అంచనా తప్పినా వేగపు బాణం కాపాడుతుంది. ఇక్కడ 50 మీటర్లు టేపు పట్టి కొలిచాం. పైగా వేగం కోసం తేలిక బాణం వేస్తే గాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది.

బొగ్గుబావి:
బోల్టు సంగతి?

ప్రాణహిత గాలి:
మాడియా గోండు తాత వెదురు విల్లుకు సైట్ లేదు, కాటా లేదు. నేషనల్స్‌లో ఇండియన్ రౌండ్ అనే పోటీ కూడా అట్లాంటి విల్లుతోనే వేస్తారు. అందరూ దానికి రండి, గొడవ తీరుతుంది.

లెక్కల సార్:
బోల్టు అనుమానం ఉంటే జడ్జి మళ్లీ కాటా వేయొచ్చు, అడిగితే వేసేవాళ్లు. ఎవరూ అడగలేదు. తమ్మీ, ఓడినప్పుడల్లా కొలత మార్చమంటే ఎట్లా? మావాడికి ఎత్తు తక్కువని వాలీబాల్ నెట్ దించమంటామా?

పాత నారి:
మీరు ఎందుకు మార్చనంటారో నాకు తెలుసు సార్. చందాలు వేసుకుని కొన్న కొత్త విల్లు ఎవరికి ఇవ్వాలో తేల్చిన ముగ్గురిలో మీరొకరు. నేనూ 5,000 వేశాను, పత్తి అమ్మిన డబ్బు. మావాడి చేతికి వచ్చింది పాతది. పై క్యామ్, కింది క్యామ్ (కొసల్లోని చక్రాలు) ఒకేసారి తిరగవు. నారి పోగులు లేచాయి. ఒక్కో బాణం ఒక్కో వేగంతో పోతే సైట్ ఎక్కడ దించాలి? ఒకటి పసుపులో పడుతుంది, తర్వాతిది ఎరుపులో.

గోలెట్ మామ:
అయితే నువ్వు అడగాల్సింది హద్దు కాదు కదా అల్లుడూ, నారి.

పాత నారి:
నారి మార్చడానికి విల్లును వంచి పట్టే ప్రెస్ కావాలి, ఇక్కడ లేదు. నాగపూర్ పంపితే వారం పది రోజులు చేతిలో విల్లు ఉండదు. అడిగాను, తర్వాత చూద్దాం అన్నారు.

లెక్కల సార్:
సరే, నేరుగా చెప్తా. ఆ అబ్బాయి ఏడాదిగా ఒక్క రోజు మానలేదు, నాగపూర్‌లో నిలబడే సత్తా వాడికే ఉంది. ఒక్క మంచి విల్లు ఉన్నప్పుడు అది గెలిచేవాడి చేతిలో ఉండాలి. కాంపౌండ్ అంటే క్రికెట్ బ్యాట్ కాదు, ఈరోజు నువ్వు రేపు నేను అనడానికి. నారిలో కన్ను పెట్టి చూసే పీప్, సైట్, నారి లాగే డి-లూప్ అన్నీ ఒకరి ఒంటికి కట్టినవి.

పాత నారి:
గెలిచేవాడు ఎవరో ముందే తేల్చి, తర్వాత పోటీ ఎందుకు పెట్టారు సార్?

బొగ్గుబావి:
ఇది బాగుంది. బోల్టు వదిలేస్తున్నా.

గోలెట్ మామ:
కొత్త విల్లులో ఎన్ని అంగుళాలు లాగాలో మార్చే క్యామ్ మాడ్యూల్ అలెన్ కీతోనే జరుగుతుంది, ప్రెస్ అక్కర్లేదు. 26కి దించి, పాతది నాగపూర్ నుంచి వచ్చే దాకా పిల్లాడికి ఇస్తే పోయేదేముంది? కీ ఎవరి దగ్గరుంది?

లెక్కల సార్:
నా దగ్గరే ఉంది. జరిపితే పీప్ ఎత్తు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి, సైట్ మార్కులన్నీ పోతాయి. నేను జరపను.

పాత నారి:
ఎల్లుండి పొద్దున మైదానానికి వస్తున్నా సార్. చందా చీటీ కూడా తెస్తా.